మునుం అనే మాటకు ఎనిమిది ఉదయాలు

2018 జనవరి 22, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు నల్లబల్ల మీద 'మునుం' అని రాశాను. బి.ఏ. మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్, తెలుగు పీరియడ్. తరగతిలో ముప్పై ఎనిమిది మంది అమ్మాయిలు. పాఠంలోని ఒక గేయంలో వచ్చిన మాట అది. కింద గీత గీసి, పక్కనే 'వరుస' అని రాసి, "పొలంలో కూలీలు వరుసగా పనిచేయడాన్ని మునుం అంటారు, రాసుకోండి" అన్నాను. రాసుకున్నారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో చెప్పింది చాలదని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఐదు రోజులు పట్టింది.

ఇప్పుడు కాలేజీల్లో తెలుగు చదువుతున్నవాళ్లూ, చెబుతున్నవాళ్లూ ఇది చదువుతారని రాస్తున్నాను. ఒక మాటకు అర్థం ఎలా పట్టుకోవాలో, ఆ మాటను రచనలో ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో నేను ముప్పై ఏళ్ల పది నెలలు పాఠం చెప్పాను. అందులో నాకు బాగా గుర్తున్నది ఈ ఒక్క మాటే.

నేను దర్శి దగ్గర పుట్టాను. చుట్టూ చేలే గాని మాకు చేను లేదు. నాన్న పోస్టుమాస్టరు. మునుం పట్టి పోతున్న ఆడవాళ్లను రోజూ రోడ్డు మీంచి చూసేదాన్ని. రోడ్డు మీంచి చూస్తే అది వరుసే. నిఘంటువులో 'వరుస' అని అర్థం రాసినాయన కూడా బహుశా రోడ్డు మీంచే చూసి ఉంటాడు.

మా కాలేజీ గుంటూరు నుంచి పల్నాడు వైపు పోయే రోడ్డు మీద, చిన్న పట్టణం చివర ఉండేది. ప్రహరీ దాటితే ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. పిల్లల్లో సగానికి పైగా ఆ చేలలోంచి వచ్చినవాళ్లే. కొత్త మాట వస్తే నాదొక పద్ధతి ఉండేది. ప్రతి అమ్మాయీ ఇంటి దగ్గర ఆ మాట వాడగా విని, ఒక చీటీ మీద నాలుగు విషయాలు రాసి తేవాలి: విన్న వాక్యం, అన్న మనిషి, అప్పుడు చేస్తున్న పని, వేళ. సొంతంగా కల్పిస్తే సున్నా. 'మునుం' చీటీలు ఫిబ్రవరి 2న అందాయి. ముప్పై ఎనిమిదీ వచ్చాయి.

నాకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. దాని సంగతి చెప్పడానికి ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. హాజరు వేసేటప్పుడు పేర్లు పిలవను, నంబర్లు పిలుస్తాను. తల ఎత్తను. ముప్పై ఎనిమిది నంబర్లకు రెండు నిమిషాల లోపే. హాజరు పట్టీలో నాకు ఒక్క కొట్టివేత కూడా లేదని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు నేనే చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 26, సోమవారం, చీటీలు చదివించే రోజు. పదిహేడో నంబరు చీటీ మీద నేను ఎర్ర సిరాతో 'అర్థం అస్పష్టం' అని రాసి ఉంచాను. అందులో ఉన్న వాక్యం ఇది: "సాలు ఖాళీగా ఉంటే అది మునుం ఎట్లా అవుద్ది?" దాని కింద 'అన్నది మా అమ్మ, పని మిరపకాయ కోత, వేళ ఉదయం ఏడు' అని ఉంది. సాలు అంటే నాగలి చాలే కదా, ఖాళీగా ఉండటమేమిటి అనుకున్నాను. ఆ అమ్మాయి చేతే చదివించి, తప్పు దిద్దుదామని ముందుగా ఆమెనే పిలిచాను.

"పదిహేడు, లేచి నీ చీటీ చదువు."

ఎవరూ లేవలేదు. ఐదు నిమిషాల కిందట అదే నంబరుకు "ప్రెజెంట్ మేడమ్" అని గట్టిగా వినపడింది.

"పదిహేడు ఏది?"

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "బాత్రూముకు వెళ్లిందండి" అంది. సరిగ్గా అదే క్షణంలో ఇంకొకతె "నీళ్లకు వెళ్లిందండి" అంది. తరగతి గొల్లున నవ్వింది.

పదహారో నంబరు లేచింది. పొట్టి పిల్ల, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడే గొంతు. పక్కనున్న పద్దెనిమిదిని మోచేత్తో పొడిచి, "లేవవే, చెప్పేద్దాం" అని నా వైపు తిరిగింది.

"అది రాలేదండి. ప్రెజెంట్ చెప్పింది నేనండి."

"ఇవాళేనా?"

"ఆరో తారీఖు నుంచండి."

పద్దెనిమిది కూడా లేచింది. "నోట్సు నేను రాస్తున్నానండి, రెండు పుస్తకాల్లోనూ. దాని దస్తూరీ కూడా వచ్చేసిందండి" అంది, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

"సిగ్గనిపించలేదా?"

పదహారు నిజంగానే తెల్లబోయింది. ఆ ముఖంలో దొంగతనం దొరికిన భయం లేదు. నేనేదో తెలియక మాట్లాడుతున్నానన్న జాలి ఉంది.

"ఎందుకండీ? మనిషి రాలేని రోజున సాలు ఖాళీగా వదిలేస్తామా ఏంటండీ? దానికి అటు నేనున్నా, ఇటు ఇదుంది. చెరిసగం లాగుతున్నాం."

నేను ఆ రోజు చీటీలు చదివించలేదు. పట్టీ ముందేసుకుని లెక్క చూశాను. ఆరో తారీఖు నుంచి ఆ పూట దాకా, నా పీరియడ్ లేని శనివారాలూ శివరాత్రి సెలవూ పోను, పద్నాలుగు పీరియడ్లు. పద్నాలుగు 'పి'లు, అన్నీ నా చేతిరాతే.

పదకొండింటికి రెండో పీరియడ్ గంట కొట్టేసరికి పదిహేడో నంబరు పరుగెత్తుకుంటూ గేటులోకి వచ్చింది. వరండాలోనే ఆపాను. సన్నటి పిల్ల, నూనె రాసుకున్న వేళ్లు, గోళ్ల చుట్టూ ఎర్రటి మంట. దగ్గరకు రాగానే నాకు తుమ్ము వచ్చింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, "ఘాటండి, పైట దులుపుకోలేదు" అంది.

విషయం ఇదీ. ఫిబ్రవరి 4న వాళ్లమ్మ గట్టు మీద జారి పడి ఎడమ మణికట్టు విరిగింది. మార్చి మధ్య దాకా కట్టు ఉంటుంది. ఆమె పనిచేసే ముఠాలో పద్నాలుగు మంది ఆడవాళ్లు, పద్నాలుగు సాళ్లు, అంటే మనిషికొక మిరప చెట్ల వరుస. సాలు ఖాళీ అయితే ముఠా మేస్త్రి ఇంకో మనిషిని తెచ్చి పెట్టుకుంటుంది. ఒకసారి చోటు పోతే ఆ ఏటి కోతలన్నిటికీ పోయినట్టే, మరుసటి ఏడు పిలుపూ అనుమానమే. అందుకని ఆరు గంటల నుంచి పదిన్నర దాకా అమ్మ సాలులో కూతురు. తర్వాత కాలేజీ. పోయేది ఒక్క నా పీరియడే.

"నాకు చెప్పవచ్చు కదా?"

"మీకు ఎట్లా చెప్పటమండీ? మీరు తల ఎత్తరు కదండీ" అంది. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట.

ప్రిన్సిపాల్ నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. మంచివాడు, తొందర మనిషి. పట్టీ చూపించాను.

"మేడమ్, మీరు జూన్ నెలాఖరుకు రిటైరవుతున్నారు. జిల్లా ఉత్తమ అధ్యాపకులకు మీ పేరు పంపాం. ఆ పద్నాలుగు అలాగే ఉండనివ్వండి. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను."

"కొట్టేస్తే ఆ పిల్లకు హాజరు చాలదు. పరీక్ష పోతుంది."

అది నిజం. సెమిస్టర్ మొత్తానికి నా పీరియడ్లు డెబ్బై రెండు. ఆ అమ్మాయి అంతకుముందు నిజంగా మానినవి ఆరు. నేను కొట్టేస్తే అవి ఇరవై. ఇక మీదట ఒక్కటీ మానకపోయినా యాభై రెండే అవుతాయి. నూటికి డెబ్బై ఐదు కావాలంటే యాభై నాలుగు ఉండాలి. రెండు తక్కువ. మా దగ్గర సబ్జెక్టువారీ హాజరు. ఒక్క తెలుగులో తగ్గినా హాల్‌టికెట్ ఆపుతారు.

"రెండే కదా, రెండు క్లాసులు ఎక్స్‌ట్రా పెట్టేయండి, నేను పర్మిషన్ ఇస్తాను" అన్నాడు.

"రెండు చాలవు. నేను క్లాసు పెడితే జరిగిన క్లాసుల సంఖ్య కూడా పెరుగుతుంది. డెబ్బై నాలుగులో యాభై నాలుగంటే డెబ్బై ఐదు శాతం రాదు. ఎనిమిది పెట్టాలి. ఎనభైలో అరవై."

ఆయన సెల్‌ఫోన్ తీసి నొక్కుకుని చూశాడు. "కరెక్టే. మీరు తెలుగు ఎందుకు తీసుకున్నారు మేడమ్?" అన్నాడు.

ఆ గదిలోనే ఎర్ర సిరాతో పద్నాలుగు 'పి'లూ కొట్టి, పద్నాలుగు 'ఏ'లు వేసి, ఒక్కోదాని పక్కనా సంతకం, తేదీ పెట్టాను.

ఎనిమిది క్లాసులకు వేళ దొరకటం తేలిక కాలేదు. ఫిబ్రవరి 28 నుంచి ఇంటర్ పరీక్షలకు మా కాలేజీ కేంద్రం. పరీక్షలు అయ్యేదాకా మా తరగతులు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా. ఆపైన పిల్లల బస్సు. మిగిలింది తెల్లవారి ఏడు నుంచి ఎనిమిది. మధ్యాహ్నం పీరియడ్ల వల్ల ఆ పిల్లకు ఇబ్బంది లేదు, కాని ఉదయం పెట్టే ఈ ఎనిమిది క్లాసులూ సరిగ్గా మునుం వేళకే పడతాయి. అది నేను చూసి తెలుసుకున్నాను. ఒకరు చెప్పగా విన్నదాన్ని పట్టీలో వేసి ఒకసారి బుద్ధి వచ్చింది కాబట్టి, 27వ తేదీ పొద్దున ఆరుంబావుకు చేను దగ్గరకు వెళ్లాను.

గట్టు మీద నిలబడి మొదటిసారి మునుం దగ్గరగా చూశాను. పద్నాలుగు మంది, ఒకరి వెనక ఒకరు కాదు, ఒకరి పక్కన ఒకరు. తలా ఒక సాలు. నడుముకు ఒడి కట్టుకుని, రెండు చేతులా కాయ కోస్తూ ముందుకు జరుగుతున్నారు. ఎవరూ కొలవటం లేదు, ఎవరూ చూసుకోవటం లేదు. గీత మాత్రం వంకర పోవటం లేదు. చివరి సాలు పెద్దావిడ దగ్గు వచ్చి ఆగింది. ఆమె పక్కనున్న మనిషి తన సాలు వదలకుండానే చేయి చాపి, ఆ చెట్టు కాయ కూడా కోసి ఆవిడ ఒడిలో వేసింది. 

మేస్త్రి యాభై ఏళ్ల మనిషి, తలకు తువ్వాలు. నన్ను చూసి కేకేసింది.

"ఏం పంతులమ్మగారూ, మా సాళ్లకు కూడా హాజరు ఏత్తారా?"

"మీకు పట్టీ అక్కర్లేదులెండి. గీతే చెబుతోంది."

"అదీ మాట! ఒసేయ్, మెల్లగా పోవే, నువ్వొక్కదానివే ముందుకెళ్లి ఏం చేత్తావ్, చేను కొనుక్కుంటావా?" అని ఎనిమిదో సాలు పిల్లను కసిరి నా వైపు తిరిగింది. "ముందుకురికితే మొనగత్తె అనుకుంటారండీ ఈ కాలప్పిల్లలు. మునుం చెడగొట్టినట్టు."

పదిహేడో నంబరుకు ఎనిమిది పూటలు కాలేజీ ఉందని చెప్పాను. మేస్త్రి చేయి ఆగలేదు, కాయ కోస్తూనే అంది.

"ఒక పూటంటే లాగుతాం, రెండు పూటలంటే లాగుతాం. ఇయ్యాల కూడా తొమ్మిదింటికి పొమ్మన్నా, పక్కోళ్లు లాగుతారు. ఎనిమిది పూటలంటే వాళ్ల నడుములు పోతాయండీ. సాలులో మనిషి ఉండాల. ఎవరైనా సరే, మనిషి."

నా లెక్కలో హాజరు సరిపోయింది. ఆమె లెక్కలో మనిషి తగ్గింది. అది తేల్చకుండానే ఎనిమిది ఉదయాల సంగతి తరగతికి చెప్పాను.

మార్చి 5, సోమవారం, ఉదయం ఏడు. మొదటి అదనపు క్లాసు. పదహారును, పద్దెనిమిదిని శిక్షగా ముందు బెంచీలో కూర్చోవాలని ముందే ఆజ్ఞాపించి ఉన్నాను. తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖం చూసి, హాజరు వేశాను. పదిహేడు ఉంది. పద్దెనిమిది ఉంది. పదహారు లేదు. మర్నాడు పదహారు ఉంది, పద్దెనిమిది లేదు. మూడో రోజు మళ్లీ పదహారు లేదు. నాకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాళ్లే వంతులేసుకుని ఎగ్గొడుతున్నారు.

"పదహారు ఏది?" అన్నాను.

పదిహేడు లేచింది. తల దించుకుంది. "నా సాలులో ఉందండి."

ఆ మధ్యాహ్నం ఇద్దరినీ పిలిపించాను. పదహారు గోళ్ల చుట్టూ కూడా ఎర్రగా ఉంది. దానికి అలవాటు లేని పనేమో, చేతులు ఊపుకుంటూ నిలబడింది.

"నీకు ఇంతవరకు ఒక్క పీరియడ్ పోలేదు. పూర్తి హాజరుకు బహుమతి ఉంది. అది పెట్టింది నేనే. పోతుందని తెలుసా?"

"తెలుసండి. లెక్క వేసుకున్నాం. నాకు ఎనభైలో డెబ్బై ఆరు వస్తాయి, తొంభై ఐదు శాతం. దీనికి డెబ్బై మూడు, తొంభై ఒకటి పాయింట్ రెండు ఐదు. మాకు మిగులుందండి. దానికే లేదు."

"ఎవరు వేశారు లెక్క?"

"నేనేనండి. మీరు ఎనిమిదని చెప్పినప్పుడు మాకూ అర్థమైందండి, ఎందుకు ఎనిమిదో." మళ్లీ తనే అంది, "ఈసారి ప్రెజెంట్ చెప్పమండీ. నిజంగానే ఆబ్సెంట్ వేసేయండి."

వేశాను. చెరో నాలుగు 'ఏ'లు, మొత్తం ఎనిమిది. ముప్పై ఏళ్లలో నేను ఇంత అందంగా రాసిన అక్షరాలు వేరే లేవు.

ఆ ఎనిమిది ఉదయాలూ ఒక్క మాట మీదే గడిచాయి. ముందుగా పదిహేడో నంబరు చీటీ మీద 'అర్థం అస్పష్టం' కొట్టేసి, కింద 'అస్పష్టత నాది' అని రాసి తిరిగి ఇచ్చాను. తర్వాత పని మొదలుపెట్టాం. ప్రతివాళ్లూ 'మునుం'తో ఒక వాక్యం రాయాలి, రచనలో వాడినట్టుగా. తరగతి ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది.

'బస్టాండులో జనం మునుం పట్టి నిలబడ్డారు' అని ఒకమ్మాయి రాసింది. నిలబడ్డవాళ్లది మునుం కాదు, కదలాలి అని కొట్టేశారు. 'చీమలు మునుం పట్టాయి' అని ఇంకొకతె. చీమలు ఒకదాని వెనక ఒకటి పోతాయి, పక్కపక్కన పోవు, పైగా వెనకదాని కోసం ముందుది ఆగదు అని అదీ పోయింది. కొంగల గుంపు మీద ఇరవై నిమిషాలు వాదన. కొంగల్లో ఒకటి ముందుంటుంది, మునుంలో ఎవరూ ముందుండరు కాబట్టి కుదరదని తేల్చారు. ఆరో రోజున, రెండో శనివారం కూడా సెలవు లేకుండా వచ్చారు పాపం, ఎప్పుడూ నోరు విప్పని ముప్పై రెండో నంబరు లేచి చదివింది: 'నల్లరేగడి మీద వాన మునుం పట్టి వచ్చింది.' చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గీతగా నడిచి వచ్చే వాన అందరికీ కనపడింది. పైరు సాలు ఒక్కటీ వదలకుండా తడుపుకుంటూ వచ్చే వాన. "ఇది నిలుస్తుందండి" అంది పద్దెనిమిది. నిలిచింది.

సాహిత్యంలో ఒక మాటను వాడటమంటే ఇదే. చేలోంచి మాటను ఆకాశానికి తీసుకుపోవచ్చు. కాని దాని పని మాత్రం దాని వెంట రావాలి. పనిని పొలంలో వదిలేసి మాటను మాత్రం తెచ్చుకుంటే, మిగిలేది నేను జనవరి 22న బల్ల మీద రాసిన 'వరుస'.

మార్చి 13న, ఎనిమిదో ఉదయం, తరగతి కూర్చిన అర్థాన్ని మా శాఖ పదాల పుస్తకంలో రాయించాను. "మునుం: పనిచేసేవాళ్లు పక్కపక్కన, తలా ఒక సాలు పట్టుకుని, ఒకే గీతగా ముందుకు కదలటం. ఇందులో ముందుండేవాళ్లు ఉండరు. వెనకబడ్డవాళ్ల పనిని పక్కవాళ్లు పంచుకుంటారు." కింద సంతకాలు. ఆ ఉదయం చేలో ఉన్న పద్దెనిమిదో నంబరు మధ్యాహ్నం వచ్చి చేసింది. ముప్పై ఎనిమిది. నాదీ కలిపితే ముప్పై తొమ్మిది.

పదిహేడో నంబరు ఎనభైలో అరవైతో హాల్‌టికెట్ తీసుకుంది. సరిగ్గా డెబ్బై ఐదు శాతం, ఒక్కటి ఎక్కువ లేదు. పరీక్ష రాసింది, అన్నీ పాసైంది. వాళ్లమ్మ కట్టు విప్పిన మూడో రోజున తన సాలులో దిగిందని మేస్త్రి కబురు చేసింది. కబురుతో పాటు, మీ పిల్లలు కాయ కంటే ఆకు ఎక్కువ కోశారని కూడా చెప్పి పంపింది.

తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు పట్టీలో ఎర్ర సిరా చూసి సంజాయిషీ అడిగారు. 'తల ఎత్తకుండా హాజరు వేయడం వల్ల పద్నాలుగు తప్పులు జరిగాయి. బాధ్యత నాది' అని రెండు వాక్యాలు రాసిచ్చాను. ప్రిన్సిపాల్ చదివి, "ఇంకొంచెం మెత్తగా రాయవచ్చు కదా మేడమ్" అన్నాడు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదన్నాను. జూన్ 30న అదే పట్టీ కార్యాలయానికి అప్పగించి ఇంటికి వచ్చాను. ఎర్ర సిరా పేజీ పైకి కనపడేట్టు పెట్టి అప్పగించాను.

పోయినవాటి లెక్క:

కొట్టివేత లేని పట్టీ అన్న పేరు, ముప్పై ఏళ్లది.
జిల్లా సిఫారసు, ఒకటి. వెనక్కి తీసుకున్నారు.
పదిహేడో నంబరుకు ఇరవై పీరియడ్లు.
పద్దెనిమిదో నంబరుకు ఏడు. మూడు అంతకుముందువి, నాలుగు సాలులోవి.
పదహారో నంబరుకు నాలుగు. ఆ ఏడు పూర్తి హాజరు బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.